ఐదు చుక్కల వెనుక ముప్ఫై ఏళ్ళు

పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే “పళ్ళు వస్తున్నాయి, అవే తగ్గుతాయి” అని మన ఇళ్ళలో పెద్దలు అంటూ ఉంటారు. వానాకాలం కాలువల్లో ఎర్రనీరు పారేటప్పుడు పాలకొల్లు పరిసరాల తల్లులు నీటిని అనుమానిస్తారు. నీటి శుభ్రత తప్పనిసరే. కాని పసిపిల్లల తీవ్ర విరేచనాలకు ముఖ్య కారణమైన రోటావైరస్ శుభ్రమైన ఇళ్ళనూ వదలదు. టీకా రాకముందు మన దేశంలో ఏటా సుమారు 78,000 మంది ఐదేళ్ళలోపు పిల్లలు దీనివల్ల మరణించేవారని అంచనా.

ఈ వైరస్‌కు టీకా కోసం దశాబ్దాలు వెచ్చించిన పిల్లల వైద్యుడు డాక్టర్ మహరాజ్ కిషన్ భాన్ (1947–2020). 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆయన బృందం ఒక విశేషాన్ని గమనించింది. అక్కడ పుట్టిన కొందరు శిశువుల మలంలో రోటావైరస్ కనబడింది. విరేచనాలు మాత్రం లేవు. అటువంటి పిల్లలకు తరువాత కూడా ఆ జబ్బు తీవ్రరూపం దాల్చలేదు. జబ్బు చేయని బిడ్డను కూడా శ్రద్ధగా పరీక్షించినందువల్లనే టీకాకు పనికివచ్చే సాధు వైరస్ దొరికింది. దానికి 116ఇ అని పేరు పెట్టారు.

ఆ వైరస్‌ను టీకాగా మలచడానికి దేశ విదేశాల శాస్త్రవేత్తలు శ్రమించారు. హైదరాబాదులోని భారత్ బయోటెక్ దానిని తయారు చేసింది. ఒక్కో మోతాదు ఒక డాలరుకే ఇస్తామని ప్రకటించింది. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది శిశువులతో తుది పరీక్ష జరిగింది. 2014లో ‘రోటావ్యాక్’కు అనుమతి లభించింది. 2016లో ప్రభుత్వం రోటావైరస్ టీకాను ఉచితంగా ఇవ్వనారంభించినపుడు మొదటి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఈ టీకా తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను సుమారు 55 శాతం తగ్గిస్తుందని ఆ పరీక్షలో తేలింది. నూటికి నూరు అని ఎవరూ చెప్పలేదు. ఉన్న తూకం ఉన్నట్లు చూపే వర్తకుణ్ణి మనం నమ్ముతాము. ఫోనులో ఎవరో పంపిన వదంతికి అటువంటి తూకం ఏదీ లేదు. దానిని చూపి, బిడ్డను టీకాకు తీసుకువెళ్ళే కోడలిని గుమ్మం దగ్గర ఆపడం న్యాయం కాదు.

పుట్టిన 6, 10, 14 వారాలకు నోటిలో వేసే ఆ ఐదేసి చుక్కలను మూడుసార్లూ తప్పక వేయించండి. టీకా ఆపలేని విరేచనాలకు ఓఆర్ఎస్ ఉన్నది. భాన్ గారు దానిపైనా పరిశోధన చేశారు. విరేచనాలు మొదలవగానే అది పట్టండి, తల్లిపాలు మానిపించకండి. బిడ్డ కళ్ళు గుంటలు పడినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. బిడ్డ మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. దానిని కాపాడే సాధనం ఊరి ఆరోగ్య కేంద్రం వరకూ వచ్చింది. అక్కడిదాకా బిడ్డను ఎత్తుకుని వెళ్ళడం మన వంతు.