పాతదైతే ముప్ఫై రెండేనా?

"పాత సిస్టమా సార్? అయితే థర్టీ టూ బిట్టే వెయ్యాలి. సిక్స్‌టీ ఫోర్ వేస్తే మొయ్యలేదు."

మొన్నామధ్య తార్నాక చౌరస్తా దగ్గర ఓ రిపేరు షాపులో విన్న మాట ఇది. ఇదే మాట పదిహేనేళ్ళ కిందట కూడా విన్నాను. అప్పుడు అందులో కాస్తో కూస్తో నిజం ఉండేది. ఇప్పుడు లేదు సరికదా, విన్నవాడికి నష్టం కూడా. నా గొడవంతా అదే.

మా చిన్నాన్న కొడుకు ఒకడు ఉస్మానియాలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. హాస్టల్లో ఉంటాడు. వాడి ల్యాప్‌టాప్ ఎవరో వాడి అమ్మేసింది. రెండో తరం కోర్ ఐ3, అంటే 2011లో బజార్లోకొచ్చిన ప్రాసెసరు. ర్యామ్ 4 జీబీ. థీసిస్ అంతా అందులోనే. ఓ రోజు ఫోన్ చేశాడు.

"అన్నా, సిస్టం మస్తు స్లో అయితుందే. షాపాయన విండోస్ కొత్తగ ఏసిచ్చిండు. ఐనా గట్లనే ఉంది."

ఆదివారం వెళ్ళాను. ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా చెట్టు కింద కూర్చుని తెరిచి చూస్తే విండోస్ 10, 32 బిట్! ర్యామ్ 4 జీబీ అని రాసి, పక్కనే వాడుకోగలిగేది 3 చిల్లర అని చూపిస్తోంది. డబ్బు పెట్టి కొన్న ర్యామ్‌లో కొంత ఉండీ లేనట్టే అన్నమాట.

ఎందుకిలా? 32 బిట్ల చిరునామాతో లెక్కపెట్టగలిగేది 4,29,49,67,296 బైట్లు మాత్రమే. అంటే 4 జీబీ. గ్రాఫిక్స్, ఇతర పరికరాలు కూడా ఆ చిరునామాల్లోనే వాటా అడుగుతాయి. వాటికి పోగా మిగిలిందే మనకి. నంబర్లు అయిపోయిన వీధిలో కొత్త ఇల్లు కట్టుకుంటే ఉత్తరం ఎలా వస్తుంది చెప్పండి?

అసలు బిట్లకీ వయసుకీ ముడిపెట్టడమే తప్పు. అది యంత్రం నిర్మాణానికి సంబంధించిన సంగతి. మన ఊరికిది కొత్తేం కాదు. తార్నాక నుంచి మౌలాలి మీదుగా వెళ్తే వచ్చే ఈసీఐఎల్ వాళ్ళు ఒకప్పుడు టీడీసీ-12, టీడీసీ-316, టీడీసీ-332 అని కంప్యూటర్లు చేశారు. 12 బిట్లు, 16 బిట్లు, 32 బిట్లు... పేర్లలోనే చెప్పేశారు. ఇప్పుడు పేరులో ఉండదు కాబట్టి చూసుకోవాలి. చూడ్డానికి అర నిమిషం కూడా పట్టదు. విండోస్‌లో సిస్టమ్ వివరాల్లో ఉంటుంది. లినక్స్‌లో అయితే ఎల్ఎస్‌సీపీయూ అని కొడితే చాలు.

ఏఎండీ 64 బిట్ ప్రాసెసర్లు 2003లోనే వచ్చాయి. ఇంటెల్ కోర్ 2 డ్యూయో 2006లో వచ్చింది, అదీ 64 బిట్టే. అంటే ఇవాళ మనం పాతది అని ఈసడించే కంప్యూటర్లలో చాలావాటికి 64 ఎప్పట్నుంచో చేతనవును. మనమే చెయ్యనివ్వట్లేదు.

ఇక 32 వేస్తే నష్టమేంటంటారా? రోడ్డు మూసేశారు కాబట్టి. విండోస్ 11లో 32 బిట్ అన్నదే లేదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. క్రోమ్ 32 బిట్ లినక్స్‌ని 2016లోనే వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ కూడా 145వ వెర్షన్ నుంచి వదిలేసింది. అందరూ వదిలేసినా పట్టుకుని ఉన్న డెబియన్ సైతం 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్‌లో 32 బిట్ ఇన్‌స్టాలర్ ఇవ్వలేదు. మావాడు ఫెలోషిప్ దరఖాస్తులూ, బ్యాంకు పనులూ, నోటిఫికేషన్లూ అన్నీ ఆ బ్రౌజర్లోనే చూసుకోవాలి. అప్‌డేట్లు రాని బ్రౌజర్లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టమని ఎలా చెప్పను?

అవతలి పక్షం మాట కూడా విందాం. 64 బిట్‌లో ఒక్కో పాయింటరు 4 బైట్ల బదులు 8 బైట్లు తింటుంది, ర్యామ్ కాస్త ఎక్కువ పడుతుంది. నిజమే. 1 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో అది తెలుస్తుంది కూడా. అలాగే పాత ప్రింటరుకో, పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ తాళానికో 32 బిట్ డ్రైవరు మాత్రమే ఉంటే, ఆ కంప్యూటర్ని 32లోనే ఉంచి ఇంటర్నెట్ తీగ పీకెయ్యండి. డాస్ కాలం నాటి 16 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో నడవవు, అదీ ఒప్పుకుంటాను. ఆటమ్ ఎన్270 ఉన్న 2008 నాటి బుల్లి ల్యాప్‌టాప్‌లైతే 32 బిట్ తప్ప గతి లేదు. వాటికి డెబియన్ 12 ఉంది, 2028 జూన్ దాకా నడుస్తుంది. ఇవి మినహాయింపులు. మినహాయింపుల్ని పట్టుకుని అందరికీ అదే మందు రాస్తే వైద్యం అంటారా?

మావాడి ల్యాప్‌టాప్ స్లో కావడానికి అసలు కారణం బిట్లు కాదు, గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్కు. షాపాయన దాన్ని ముట్టుకోలేదు.

32 నుంచి 64కి విండోస్‌ని అప్‌గ్రేడ్ చేసే దారి లేదు, మొత్తం తుడిచి మళ్ళీ వెయ్యాల్సిందే. ముందు థీసిస్ రెండు చోట్ల కాపీ చేయించాను. తర్వాత ఒక ఎస్ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ పెట్టి, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఉన్న 64 బిట్ లినక్స్ వేశాను. ఇప్పుడు లేవడానికి అర నిమిషం, 8 జీబీకి 8 జీబీ కనిపిస్తోంది.

"అన్నా, మరి షాపాయన ముందే ఎందుకు జెప్పలే?" అన్నాడు వాడు.

చెడ్డవాడు కాబట్టి కాదు తమ్మీ. ఎప్పుడో నేర్చుకున్నది మళ్ళీ సరిచూసుకోలేదు, అంతే. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం తక్కువేం కాదు, "పాతది పారేసి కొత్తది కొనుక్కో" అని ఉచిత సలహా పారేస్తాం. ఫెలోషిప్ డబ్బుల కోసం నెలల తరబడి చూసేవాడికి ఆ రెండు సలహాలూ ఒకటే, రెండింటికీ మూల్యం వాడే కడతాడు.

కాబట్టి ఈసారి ఎవరైనా "పాతదా? అయితే థర్టీ టూ" అంటే, "ప్రాసెసరు ఏంటో చూశావా?" అని అడగండి. చూడకుండా చెప్తే ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చెయ్యండి.