ఇంటికి చేర్చవలసిన టైర్లు

చెన్నై నుంచి బెంగుళూరు వెళ్ళే జాతీయ రహదారి మీద, శ్రీపెరుంబుదూరు చేరడానికి కొంచెం ముందు, ఇరుంగాట్టుకోట్టై అనే ఊరు తగులుతుంది. అక్కడ రేసు ట్రాక్‌కు ఒక గేటు ఉన్నది. గేటు లోపల మూడున్నర కిలోమీటర్లకు పైబడిన నున్నని బాట. ఎదురు వచ్చే బండి లేదు, అడ్డు వచ్చే పశువు లేదు, గుంట లేదు. గేటు వెలుపల లారీలు, బస్సులు, మోటారు సైకిళ్ళు, చీకట్లో వెనక దీపం లేకుండా సాగిపోయే ట్రాక్టర్లు. ఉదయం సొంత కారులో ఆ గేటు లోపలికి వెళ్ళిన మనిషి సాయంత్రం అదే కారులో, అవే టైర్ల మీద వెలుపలికి రావాలి. వందల కిలోమీటర్ల దూరాన తనకోసం ఎదురుచూస్తున్న ఇంటికి చేరాలి.

చక్రాలను గురించీ టైర్లను గురించీ చేయవలసిన ఆలోచన అంతా ఈ గేటు దగ్గరే మొదలవుతుంది.

మోటారు పందేలు మన దేశానికి కొత్త కావు. నెల్లూరు మీదుగా మద్రాసుకు రోడ్డు మార్గాన వెళ్ళిన తెలుగువారికి షోలవరం ఎరిగిన పేరే. రెండవ ప్రపంచ యుద్ధకాలం నాటి విమానాల బాట మీద మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ ఏళ్ళ తరబడి పందేలు నడిపింది. ఆ క్లబ్బే తరువాత ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ నిర్మించి 1990లో ప్రారంభించింది. రేసు కార్ల రూపశిల్పిగా పేరు పొంది 1995లో విమాన ప్రమాదంలో మరణించిన ఎస్. కరివర్ధన్ పేరిట కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో రెండు కిలోమీటర్ల పైచిలుకు ట్రాక్ వెలసింది. ఢిల్లీ సమీపాన గ్రేటర్ నోయిడాలో 2011లో ప్రారంభమైన బుద్ధ్ సర్క్యూట్ పొడవు 5.125 కిలోమీటర్లు, 2013 వరకు మూడేళ్ళు అక్కడ ఫార్ములా వన్ పందేలు జరిగాయి.

ఇటువంటి ట్రాక్‌ల మీద సామాన్యులు తమ సొంత కార్లు నడుపుకోవడానికి కేటాయించే రోజును ట్రాక్ డే అంటారు. అది పందెం కాదు. రుసుము చెల్లించి, హెల్మెట్ ధరించి, పదిహేను ఇరవై నిమిషాల చొప్పున విడతలుగా ట్రాక్ చుట్టి రావడమే. వేగంపై మోజు ఉన్నవారికి ఊరి రోడ్ల కంటె ఇదెంతో క్షేమమైన మార్గమని వేరే చెప్పనక్కరలేదు.

ముగ్గురి సలహాలు

హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక యువకుణ్ణి ఊహించుకోండి. ఇంటిల్లిపాదికీ ఒకటే కారు. దాని టైరు పక్కగోడ మీద 195/55 R16 87V అని ఉన్నది. ఏడాదికి రెండుసార్లు ట్రాక్ డేకు వెళ్ళాలన్నది అతని కోరిక. టైర్ల దుకాణదారు "పదిహేడు అంగుళాల అలాయ్ చక్రాలు వేయించండి సార్, బండి రూపే మారిపోతుంది" అన్నాడు. రేసుల పిచ్చి ఉన్న మిత్రుడు "మెత్తని రబ్బరు టైర్లు కొను, ట్రాక్‌ను బంకలా పట్టుకుంటాయి" అన్నాడు. తండ్రి మాత్రం "అదంతా సరేరా, తిరిగి వచ్చేటప్పుడు వాన పడితేనో?" అని అడిగాడు.

ఎవరి మాట వినాలో తేల్చుకోవాలంటే ముందు టైరు చేసే పని ఏమిటో తెలియాలి.

వెయ్యి కిలోల కారు బరువు నాలుగు చక్రాల మీద సమంగా పడిందనుకుంటే ఒక్కొక్క దాని వాటా 250 కిలోలు. గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 33 పౌండ్లు ఉంటే, ఆ బరువును మోయడానికి టైరు నేలను తాకవలసిన మేర సుమారు 17 చదరపు అంగుళాలు. అంటే ఇంచుమించు ఒక అరచేయి అంత చోటు. కారు ఎంత ఖరీదైనదైనా, ఇంజను ఎంత శక్తిమంతమైనదైనా, దానికీ భూమికీ ఉన్న బంధుత్వం ఈ నాలుగు అరచేతులే.

ఆ అరచేతికి ఉన్న పట్టు ఒకే జీతం మీద నడిచే సంసారం వంటిది. బ్రేకు వేయడానికి కొంత ఖర్చయితే మలుపు తిరగడానికి మిగిలేది అంత తక్కువ. పూర్తిగా బ్రేకు తొక్కి, అదే క్షణంలో పూర్తిగా స్టీరింగు తిప్పిన వాడు ఒకే జీతాన్ని రెండుసార్లు ఖర్చు చేయబోయిన వాడవుతాడు. పైగా మలుపులో బరువు వెలుపలి వైపుకు, బ్రేకు వేసినప్పుడు ముందుకు ఒరుగుతుంది. ముందు చక్రాలతో నడిచే మన చిన్న కార్లలో వెలుపలి వైపున్న ముందు టైరు మీద పడే భారం ఇంతా అంతా కాదు. ట్రాక్ డే ముగిసేసరికి మొదట అరిగేది అదే.

పెద్ద చక్రం మోజు

దుకాణదారు సలహాను లెక్కతో పరీక్షించవచ్చు. 195/55 R16 అన్న ముద్రలో 195 మిల్లీమీటర్లు టైరు వెడల్పు. 55 అన్నది పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. అంటే సుమారు 107 మిల్లీమీటర్లు. 16 అంగుళాలు రిమ్ము వ్యాసం. 87 అన్న అంకె ఒక్కో టైరు 545 కిలోలు మోయగలదని, V అన్న అక్షరం గంటకు 240 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకోగలదని తెలుపుతాయి.

అతను 205/45 R17 వేయించుకున్నాడనుకోండి. మొత్తం వ్యాసం దాదాపు అంతే ఉంటుంది. పక్కగోడ మాత్రం 92 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. స్టీరింగుకు బండి చురుకుగా స్పందిస్తుందన్నది నిజమే. కాని సాధారణంగా పెద్ద చక్రం బరువు పెరుగుతుంది. ఆ బరువు స్ప్రింగులకు కింద ఉండే బరువు. గతుకు వచ్చినప్పుడల్లా టైరు నేలను వదలకుండా ఉండడం కష్టమవుతుంది. ప్రతిసారీ దానిని తిప్పడానికీ ఆపడానికీ ఇంజనూ బ్రేకులూ అదనంగా శ్రమించాలి. మన రోడ్ల గుంటల్లో పడితే పలుచని పక్కగోడ దెబ్బను ఆపలేక రిమ్ము వంగుతుంది. మరొక సంగతి: ఈ కొలత టైర్లలో మామూలు రకం మీద ఉండే భారసూచిక 84, అంటే 500 కిలోలు. పాత టైరు కంటె 45 కిలోలు తక్కువ. దృఢపరచిన ఎక్స్‌ఎల్ రకం అడిగితేనే 88 వస్తుంది.

అందువల్ల అనుభవజ్ఞులు చూపే దారి దుకాణదారు చూపిన దారికి వ్యతిరేకం. బ్రేకుల భాగాలకు తగలకుండా పట్టే చక్రాలలో అన్నింటికంటె చిన్నదానిని, తేలికైన దానిని వారు ఎంచుకుంటారు. ఈ కారుకే 195/60 R15 సరిపోతే మొత్తం వ్యాసంలో తేడా ఒక్క శాతమే. స్పీడోమీటరు లెక్క తప్పదు, భారసూచిక 88, టైరు ధర కూడా సాధారణంగా తక్కువే. అయితే బోల్టుల వృత్తం, మధ్య రంధ్రం, చక్రం లోపలికో బయటికో జరిగి కూర్చునే కొలత — ఈ మూడూ అసలు చక్రంతో సరిపోవాలి. సరిపోని దానిని దిమ్మలు పెట్టి బిగించడం బేరింగుల ఆయుస్సును తగ్గించుకోవడమే. పేరుమోసిన చక్రాలకు నకళ్ళుగా చవకగా దొరికే పోత చక్రాలు చూపుకు ఒకేలా ఉంటాయి. వేడి బ్రేకుల పక్కన, మలుపు ఒత్తిడిలో అవి పగిలితే చెప్పుకోవడానికి ఎవరూ ఉండరు. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మెత్తని రబ్బరు

ఇక మిత్రుడి సలహా. మెత్తని రబ్బరుకు పట్టు ఎక్కువన్న మాట వాస్తవం. కొన్ని టైర్ల మీద అరుగుదల సంఖ్య ఒకటి ముద్రించి ఉంటుంది. అది 400 ఉన్నది నిదానంగా అరిగే గట్టి రకం. 200 ఉన్నది ట్రాక్ ప్రియులు కోరుకునే మెత్తని రకం. ఆ సంఖ్యను ఎవరి టైరుకు వారే నిర్ణయించుకుంటారు గనుక రెండు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి తూచడం సరికాదు.

మెత్తని రకాలకు గాట్లు తక్కువ. పొడి ట్రాక్ మీద అది గుణం. నేలను తాకే రబ్బరు పెరుగుతుంది. తడి రోడ్డు మీద అదే దోషం. గాట్లు ఉన్నవి అందం కోసం కావు. టైరు కింద నుంచి నీటిని తోడిపోయడానికి. ఆ దారి మూసుకుపోతే టైరు నీటిపొర మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా కారుకు వినపడదు. గాట్లు బొత్తిగా లేని నున్నని రేసు టైర్లు రోడ్డుకు ఎంతమాత్రం పనికిరావు.

ఇందులో ఒక చిత్రం ఉన్నది. సరికొత్త టైరు గాటు లోతు ఎనిమిది మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు. ట్రాక్ మీద ఆ ఎత్తైన రబ్బరు దిమ్మలు అటూ ఇటూ ఊగి, వేడెక్కి, ముక్కలుగా ఊడిపోతాయి. సగం అరిగిన టైరు పొడి ట్రాక్ మీద ఇంతకంటె నిలకడగా ఉంటుంది. కాని వానలో ఆ సగం అరిగిన టైరే బలహీనం. చట్టం అనుమతించే కనీసపు లోతు 1.6 మిల్లీమీటర్లు, అక్కడిదాకా వచ్చిన టైరుతో కుంభవృష్టిలో ప్రయాణం చట్టబద్ధమే కావచ్చు, క్షేమకరం కాదు. ఇరుంగాట్టుకోట్టై పరిసరాలలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. తండ్రి ప్రశ్న అకారణమైనది కాదు.

ఏడాదికి రెండు రోజులకయితే మధ్యేమార్గమే మేలు. అసలు కొలతలోనే, తడిలోనూ పొడిలోనూ మంచి పట్టు ఉన్న నాణ్యమైన రోడ్డు టైర్లు నాలుగూ ఒకే రకానివి కొనుక్కోవాలి. పక్కగోడ మీద నాలుగు అంకెల తేదీ ఉంటుంది: 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారం. గాట్లు ఎంత నిండుగా ఉన్నా ఏళ్ళు గడచిన రబ్బరు గట్టిపడుతుంది. ఏడాదికి ఆరేడు సార్లు వెళ్ళే స్థితి వస్తే మెత్తని టైర్లు తొడిగిన రెండవ చక్రాల జత గురించి ఆలోచించవచ్చు; వాటిని ట్రాక్ దాకా ఎలా మోసుకుపోవాలన్నది కూడా అప్పుడే ఆలోచించాలి. మొదటిసారి వెళ్ళేవారయితే ఉన్న టైర్లు ఆరోగ్యంగా ఉంటే వాటితోనే వెళ్ళి, మిగిల్చిన డబ్బుతో బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ద్రవం మార్పించుకోవడం తెలివైన పని. మామూలు రబ్బరు జారబోయే ముందు కీచుమని అరచి చెబుతుంది. కొత్తగా నేర్చుకునే వాడికి అంతకంటె మంచి గురువు దొరకడు.

గేటు దాటే ముందు

అసలు ప్రమాదం ఎన్నిక దగ్గర కంటె గాలి దగ్గర పొంచి ఉంటుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు 33 పౌండ్లు నింపిన టైరు నాలుగైదు చుట్లు తిరిగేసరికి వేడెక్కి 40 చూపవచ్చు. అంత ఉబ్బితే నడిమి భాగమే నేలను తాకి పట్టు తగ్గుతుంది. అందుచేత అనుభవజ్ఞులు విడత ముగిసి రాగానే కొంత గాలి వదిలి 34కో 35కో తెస్తారు. అది సరైన పద్ధతే.

సాయంత్రమవుతుంది. టైర్లు చల్లారుతాయి. వేడిగా ఉన్నప్పుడు 34 చూపిన టైరు ఇప్పుడు 28 కూడా చూపదు. యువకుడు అలసి, ఆనందంతో, ఆకలితో ఉన్నాడు. సామాను సర్దుకుని, చెన్నైలో ఉన్న అక్కనూ బావనూ ఎక్కించుకుని రాత్రికి రాత్రే నెల్లూరు దారి పట్టాడనుకోండి. కారు నిండా బరువు. టైర్లలో తక్కువ గాలి. గంటకు వంద కిలోమీటర్ల వేగం. పక్కగోడలు ప్రతి చుట్టుకూ నలిగి లోపలి పొరలు వేడెక్కుతాయి. పగలంతా ట్రాక్ మీద కాగిన టైరుకు ఇది రెండవ శిక్ష. పొరలు విడిపోతే పేలడానికి హెచ్చరిక ఉండదు. ట్రాక్ మీద ఏమీ కాని కారు, వినోదమంతా అయిపోయిన తరువాత, ఏ ఒంగోలు దగ్గరో బోల్తా పడవచ్చు. అప్పుడు దానికీ ట్రాక్‌కూ సంబంధం ఉన్నదని ఎవరికీ తోచదు కూడా.

బీమా సంగతి సరేసరి. మన మోటారు పాలసీలు సాధారణంగా వ్యవస్థీకృత పందేలను, వేగ పరీక్షలను తమ పరిధి నుంచి మినహాయిస్తాయి. ట్రాక్ లోపల జరిగే నష్టానికి పాలసీ వర్తిస్తుందో లేదో వెళ్ళే ముందే పాలసీ పత్రంలో చదువుకోవడం మంచిది.

కనుక గేటు దాటే ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. టైర్లు పూర్తిగా చల్లారనివ్వాలి. కారు తలుపు అంచున అంటించిన చీటీ చూసి, నిండు బరువుకు చెప్పిన ఒత్తిడి వరకు గాలి నింపాలి. నాలుగు చక్రాల నట్లూ కారు పుస్తకం చెప్పిన బిగువుకు సరిచూడాలి. చేతితో తడిమి, లోపలి పక్కగోడతో సహా, చీలిక గాని, బుడిపె గాని, లేచిన రబ్బరు గాని ఉన్నదేమో చూడాలి. ఉన్నట్టయితే స్టెప్నీ తగిలించుకోవాలి. అంతకు మించి అనుమానముంటే ఆ రాత్రికి చెన్నైలోనే ఆగిపోవాలి.

దీనికంతటికీ పట్టేది అరగంట. ఇంటి దగ్గర తండ్రి మేలుకొని ఉంటే, ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పవచ్చు. ఎందుకని ఆయన అడగడు.