పనికి మార్కు వేయండి, ఖర్చుకు కాదు: మ్యూజిక్ వీడియో ప్రాజెక్టుపై విద్యార్థుల వినతిపత్రం

హనుమకొండ

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,
విభాగాధిపతి గారి ద్వారా

సమర్పించువారు: బి.ఎ. మాస్ కమ్యూనికేషన్ రెండో, మూడో సంవత్సరం విద్యార్థినీ విద్యార్థులు

విషయం: మ్యూజిక్ వీడియో ప్రాజెక్టుకు తగిన సమయం, సామగ్రి, అనుమతి పత్రాలు, న్యాయమైన మూల్యాంకనం కోరుతూ.

అమ్మా,

నాలుగు నిమిషాల పాటకు దృశ్యరూపం ఇవ్వడం మా కోర్సులో అందరికీ ఇష్టమైన పని. పుస్తకాల్లో విడివిడిగా చదివిన షాట్లు, లైటింగు, ఎడిటింగు అక్కడ ఒక్కచోటికి చేరతాయి. ఆ ప్రాజెక్టును తీసేయమనో, తేలిక చేయమనో అడగడానికి మేం రాలేదు. మూడో సంవత్సరం వాళ్లం మా మార్కులు మార్చమని కూడా అడగడం లేదు. మా పరీక్ష అయిపోయింది. వచ్చే విద్యాసంవత్సరంలో ఈ పనికి పూనుకోబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు మేం పడ్డ ఇబ్బందులు పడకూడదని వాళ్లతో కలిసి ఈ పత్రం ఇస్తున్నాం.

మా మాట ఒక్కటే. ఈ ప్రాజెక్టులో మార్కు చేసిన పనిని బట్టి రావాలి, పెట్టిన ఖర్చును బట్టి కాదు.

మా అనుభవం

మాకు ప్రాజెక్టు గురించి చెప్పింది దసరా సెలవులు ముగిశాక. ఐదు వారాలు గడువు ఇచ్చారు. విభాగానికి ఉన్న రెండు కెమెరాలు, పాడవుతాయన్న భయంతో, బీరువా దాటి బయటికి రాలేదు. ఆరు బృందాల్లో రెండు బృందాలు పెళ్లి వీడియోలు తీసేవాళ్ల దగ్గర కెమెరాను, డ్రోన్‌ను కిరాయికి తెచ్చుకున్నాయి, ఎడిటింగు కూడా వాళ్లతోనే చేయించుకున్నాయి. ఆ మిత్రులను మేం తప్పుపట్టడం లేదు. కాలేజీ దారి చూపనప్పుడు ఎవరి దారి వాళ్లు వెతుక్కుంటారు. మిగిలినవాళ్లం ఫోన్లతో తీశాం. అయినా ఒక బృందంలో మనిషికి పద్దెనిమిది వందల రూపాయలు పడ్డాయి. ఆ బృందంలోని ఒకమ్మాయి తన వాటా కోసం రెండు ఆదివారాలు క్యాటరింగ్ పనికి వెళ్లింది. మూల్యాంకనం రోజున డ్రోన్ షాట్లకు మెచ్చుకోళ్లు దక్కాయి. రాత్రులు కూర్చుని గీసిన స్టోరీబోర్డు ఫైళ్లను ఎవరూ తెరవలేదు.

ఇంకో బృందం తమలో ఒకరి నాయనమ్మ పాడే బతుకమ్మ పాటను ఎంచుకుంది. అప్పటికే సద్దుల బతుకమ్మ వెళ్లిపోయింది. తంగేడు, గునుగు వాడిపోయాయి. పద్మాక్షి గుట్ట దగ్గర పండుగ నాడు నిండే జనం మళ్లీ ఏడాదికి గాని రారు. బజారులో ప్లాస్టిక్ పూలు కొని, ఇంటి వాకిట్లో నలుగురు ఆడవాళ్లతో చప్పట్లు కొట్టించి పాట పూర్తిచేశారు. జీవితమంతా అసలు పూలతో బతుకమ్మ పేర్చిన ఆ పెద్దావిడ, ఆ పూల పక్కన కెమెరా ముందు నిలబడటానికి ఎంతో మొహమాటపడింది. ఆ తప్పు ఆమెది కాదు, పిల్లలదీ కాదు. ప్రాజెక్టు క్యాలెండరుది.

మరో బృందం సినిమా పాట తీసుకుంది. వీడియోను యూట్యూబ్‌లో పెట్టాలనీ, వ్యూస్‌కు పది మార్కులు ఉంటాయనీ చెప్పడంతో అప్‌లోడ్ చేశారు. హక్కుదారుల అభ్యంతరంతో శబ్దం ఆగిపోయింది. మూగబోయిన వీడియోకు వ్యూస్ రాలేదు, మార్కులూ రాలేదు.

ఈ పనికి ఇంత సమయం ఎందుకు?

పాటను పదేపదే విని, మనసులో మెదిలిన దృశ్యాన్ని ఒక పేజీలో ట్రీట్‌మెంట్‌గా రాసుకోవాలి. దాన్ని స్టోరీబోర్డుగా గీయాలి, షాట్ లిస్టు తయారుచేయాలి, స్థలాలు చూసి రావాలి, ఎవరు ఏ పూట ఎక్కడుండాలో కాల్ షీట్ వేయాలి. షూటింగు రోజున స్పీకరులో పాట పెట్టి, మొదటి నుంచి చివరిదాకా ఒక్కో కోణంలో మళ్లీ మళ్లీ పాడించాలి. స్లో మోషన్ కావాలంటే సెకనుకు 50 ఫ్రేములు తీసి 25 ఫ్రేముల వేగంతో చూపిస్తాం. అందుకు పాటను రెట్టింపు వేగంతో వినిపించి పాడించాలి. అప్పుడే తెరమీద కదలిక నెమ్మదించినా పెదవులు పాటతో కలుస్తాయి. ఈ ఒక్క విద్యకే రెండు మూడు రోజుల సాధన కావాలి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి షట్టరు దానికి పొసగకపోతే ట్యూబులైటు కింద తీసిన దృశ్యం మిణుకుమంటుంది. ఇవన్నీ కెమెరా చేతిలో ఉంటే తెలుస్తాయి గాని నోట్సు రాసుకుంటే తెలియవు.

మన ఉమ్మడి వరంగల్ జిల్లా చల్లగరిగె గ్రామానికి చెందిన చంద్రబోస్ గారి 'నాటు నాటు' పాట 2023లో ఆస్కార్ గెలిచింది. ఆ పాటలో చాలా భాగం ఒక్కరోజులోనే రాసినా, మిగిలిన కొంచెం పూర్తికావడానికి ఏడాదిన్నరకు పైగా పట్టిందని ఆయనే చెప్పారు. ఆ మిగిలిన కొంచెం కోసమే మేం సమయం అడుగుతున్నాం.

మా విజ్ఞప్తులు

1. ప్రాజెక్టును జూలై మొదటి వారంలో ప్రకటించాలి. పాట ఎంపిక, ట్రీట్‌మెంట్, స్టోరీబోర్డు ఆగస్టు చివరికల్లా పూర్తయి, వాటిపై అధ్యాపకుల సూచనలు అందాలి. సమర్పణ గడువు దసరా దాటాక మూడు వారాలు ఉండాలి. అప్పుడు బతుకమ్మను తీయాలనుకున్న పిల్లలు అసలు పూలతోనే తీయగలుగుతారు.

2. రెండు కెమెరాలను, ట్రైపాడ్లను రిజిస్టరులో సంతకంతో బృందానికి మూడు రోజుల చొప్పున ఇవ్వాలి. ప్రతి బృందానికీ ఒక హార్డ్ డిస్క్ ఇవ్వాలి. సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన 4కె వీడియో గంటకు 45 జీబీ అవుతుంది. నాలుగు నిమిషాల పాటను పదిహేనుసార్లు తీస్తే చాలు, ఆ గంట నిండిపోతుంది. రెండు కాపీలు దాచుకోవాలంటే 90 జీబీ కావాలి. ఫోనులో చోటు లేక ఒక బృందం తమ మంచి టేకునే పొరపాటున చెరిపేసుకుంది. ఎడిటింగుకు డావిన్చీ రిజాల్వ్ ఉచితంగానే దొరుకుతుంది కాబట్టి సాఫ్ట్‌వేరు ఖర్చు లేదు. ల్యాబు కంప్యూటర్లలో నాలుగింటికి మెమరీ పెంచి, ప్రాజెక్టు నెలల్లో సాయంత్రం ఏడింటిదాకా ల్యాబు తెరిచి ఉంచితే చాలు.

3. షూటింగు స్థలాల కోసం కాలేజీ లెటర్‌హెడ్‌పై ముద్రతో అనుమతి పత్రాలు ఇవ్వాలి. వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోట కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నాయి. అక్కడ షూటింగుకు ముందస్తు అనుమతి కావాలి. ఆ దరఖాస్తు కాలేజీ తరఫున వెళ్తే విద్యార్థుల మాటకు బలం ఉంటుంది. హాస్టలు అమ్మాయిలకు షూటింగు రోజుల్లో తెల్లవారుజామున బయటికి వెళ్లే వీలు కల్పించి, ఒక అధ్యాపకురాలిని తోడుగా పంపాలి. పొద్దుపొడుపు వెలుగు అరగంటలో మారిపోతుంది. గేటు తెరిచేసరికి ఆ వెలుగు ఉండదు.

4. పాట హక్కుల గురించి మొదటి వారంలోనే ఒక తరగతి పెట్టాలి. కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షన్ పాఠం చెప్పే క్రమంలో ఉపాధ్యాయులకు, విద్యార్థులకు కొంత వెసులుబాటు ఇచ్చింది. లోకమంతా చూసేలా యూట్యూబ్‌లో పెట్టడానికి దాన్ని ఆసరా చేసుకోలేం. అదే చట్టంలోని 38వ సెక్షన్ పాడినవారికి తమ ప్రదర్శనపై హక్కు ఇస్తోంది. రాసినవారెవరో తెలియని జానపద గీతమైనా, మన కోసం పాడిన మనిషికి ఆ హక్కు ఉంది. అందుకని ఊళ్లో పాడేవారి దగ్గర రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవడాన్ని నియమంగా పెట్టాలి. వీడియోలో వాళ్ల పేరు వేయాలి. విభాగం నిధి నుంచి, ఎంత చిన్నదైనా సరే, పారితోషికం ఇవ్వాలి. ఒగ్గు కథకులు, కిన్నెర వాయించేవారు మన పిల్లలకు పాట ఇచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్లకూడదు.

5. మూల్యాంకనం ఇలా ఉండాలని కోరుతున్నాం: ప్రణాళికకు 30, చిత్రీకరణకు 25, ఎడిటింగుకు 25, స్వీయ సమీక్షకు, మౌఖిక పరీక్షకు కలిపి 20. వ్యూస్‌కు మార్కులు ఉండకూడదు. బృందం ఖర్చుకు ఒక పరిమితి పెట్టి, లెక్కల కాగితం జతచేయించాలి. బయటివారితో ఎడిటింగు చేయిస్తే ఆ భాగానికి మార్కులు ఇవ్వకూడదు. 1975లో క్వీన్ బృందం 'బొహీమియన్ రాప్సడీ' వీడియోను దాదాపు నాలుగు గంటల్లో తీసింది. ఈనాటికీ దాన్ని పాఠంగా చెప్పుకుంటున్నామంటే అందులోని ఆలోచన వల్లే. ఆ ఆలోచనను వెతికి పట్టుకునేలా మా పరీక్ష ఉండాలి.

6. పూర్తయిన వీడియోలను కాలేజీ ఆడిటోరియంలో ప్రదర్శించాలి. పాడినవారిని, ఆడినవారిని పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టాలి. ప్రతి వీడియోను దాని ప్రాజెక్టు ఫైలుతో సహా గ్రంథాలయంలో భద్రపరచాలి. తర్వాతి బ్యాచ్ మా తప్పుల నుంచి కూడా నేర్చుకుంటుంది.

మా హామీ

తీసుకున్న ప్రతి వస్తువుకూ పూచీ మాదే. మా అజాగ్రత్త వల్ల ఏదైనా పాడైతే బృందమంతా కలిసి బాగుచేయిస్తాం. కెమెరా వాడకం, లైటింగు, లిప్ సింక్‌పై మూడో సంవత్సరం వాళ్లం సెలవుల్లో నాలుగు శనివారాలు వచ్చి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేర్పిస్తాం. సమ్మతి పత్రం, ఖర్చుల కాగితం, కాల్ షీట్ నమూనాలను తయారుచేసి ఈ పత్రానికి జతచేశాం.

అమ్మా, మేం కోరినవాటిలో కొత్తగా కొనవలసినవి హార్డ్ డిస్కులు, కొంత మెమరీ మాత్రమే. పాడినవారి పారితోషికానికి చిన్న మొత్తం కావాలి. మిగిలినవి తేదీలు మార్చితే, తాళం తీస్తే, సంతకం పెడితే అయ్యే పనులు. జూన్‌లో తరగతులు మొదలవకముందే విభాగాధిపతి గారితో, మా ప్రతినిధులు నలుగురితో ఒక సమావేశం జరిపి నిర్ణయం తీసుకోవాలని వేడుకుంటున్నాం. ఆ నాయనమ్మ ఈ ఏడాది కూడా పాడతానని మాటిచ్చింది. తంగేడు పూసే వేళకు మన కెమెరా ఆమె వాకిట్లో ఉండేలా చూడండి.

ఇట్లు,
భవదీయులు,
బి.ఎ. మాస్ కమ్యూనికేషన్ రెండో, మూడో సంవత్సరం విద్యార్థినీ విద్యార్థులు

జతపరిచినవి: విద్యార్థుల సంతకాల జాబితా, సమ్మతి పత్రం నమూనా, ఖర్చుల కాగితం నమూనా, కాల్ షీట్ నమూనా