ఆ కాలమ్‌లో ‘నో’ అని రాసే ముందు..

పోయిన నెల ఓ రాత్రి పర్చూరు దగ్గరి మా కాలేజీ జూనియర్ ఫోన్ చేశాడు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి సెలెక్టయ్యాడు. కౌలు పొలంలో మిర్చి వేసే వాళ్ల నాన్న అప్పటికే ఊరంతా చెప్పేశారు. అటెస్టేషన్ ఫారం చూశాక మాత్రం వీడికి చెమటలు పట్టాయి. బీటెక్ మూడో ఏడాదిలో, ఇరవయ్యేళ్ల వయసులో, మందు తాగి బైక్ నడుపుతూ దొరికాడు. కోర్టులో జరిమానా కట్టాడు. ఇంట్లో తెలీదు. ‘అన్నా, నో అని రాసేస్తే ఎవరికి తెలుస్తుంది?’ అన్నాడు.

మీలోనూ ఇలాంటివాళ్లు ఉండొచ్చు. కాబట్టి రూల్ ఏంటో చూద్దాం.

ముందు రెండు వయసులు గుర్తుపెట్టుకోండి. ఏపీలో 21 నిండనివారికి మద్యం అమ్మకూడదు. కానీ కేసు విషయానికొస్తే 18 నిండితే మీరు మేజరే. 18 లోపు జరిగిన తప్పయితే, కొన్ని తీవ్ర నేరాలు మినహా, 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 24 ప్రకారం తర్వాత అనర్హత కాకూడదు. 18, 21 మధ్య దొరికితే ఆ రక్షణ లేదు.

ఫారంలో మీరు తాగారా అని అడగరు. అరెస్టయ్యారా, కేసు నడిచిందా, కోర్టు జరిమానా వేసిందా అని అడుగుతారు. పార్టీలో తాగినా కేసు లేకపోతే అక్కడ రాయడానికేమీ లేదు. డ్రంకెన్ డ్రైవ్ అలా కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద మొదటిసారికే 10 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. అది మామూలు చలానా కాదు, కోర్టు వేసే శిక్ష.

దాస్తే? ఫారం మీ సొంత జిల్లా పోలీసుల దగ్గరికే వెరిఫికేషన్‌కు వస్తుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల బెంచ్ ఈ లెక్క తేల్చింది. ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. చిన్న వయసులో చేసిన చిన్న తప్పును దాచినా, అధికారులు తమ విచక్షణతో వదిలేయొచ్చు. అలాగని నిజం చెప్పినవాళ్లకు ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు. పోస్టును బట్టి పరిశీలన మారుతుంది.

అంటే రెండువైపులా రిస్కు ఉంది. తేడా ఒక్కటే. తాగి నడపడం ఇరవయ్యేళ్ల కుర్రాడు చేసిన తప్పు. దాచడం, ఉద్యోగం అడుగుతున్న మీరు ఇవాళ చేసే తప్పు. మొదటిదాన్ని క్షమించడానికి కారణాలు దొరుకుతాయి, రెండోదానికి కష్టం.

కాబట్టి కోర్టు ఆర్డర్ కాపీ, జరిమానా రసీదు తీసిపెట్టుకోండి. తేదీ, సెక్షన్, శిక్ష ఉన్నదున్నట్టు రాయండి. కేసు నడుస్తుంటే నడుస్తోందనే రాయండి. ప్రతి ఫారంలో ఒకేలా ఉండాలి. రేపు అమెరికా వెళ్దామనుకున్నా డీఎస్-160 వీసా ఫారంలో అరెస్టుల ప్రశ్న ఉంటుంది.

మావాడు ముందు వాళ్ల నాన్నకు చెప్పాడు. తర్వాత ‘అవును’ అని రాసి కాపీ జతచేశాడు. ఫైలు ఇంకా తిరిగి రాలేదు. ఏమవుతుందో నేను చెప్పలేను. కానీ ఉద్యోగం వస్తే, ఎప్పుడు బయటపడుతుందోనన్న భయంతో చేయక్కర్లేదు.