డారో చేతులు, ప్రభువు చేతులు

పియర్స్ బ్రౌన్ 2014లో రాసిన ‘రెడ్ రైజింగ్’ ఒక సైన్స్ ఫిక్షన్ నవల. షోలాపూర్ మగ్గాల వాడల్లో పెరిగిన తెలుగు పిల్లలు దాన్ని చదివితే, కథ జరిగేది అంగారక గ్రహం మీదైనా సొంత వీధి గుర్తొస్తుంది. అందుకే మన యువత ఈ పుస్తకం చదవాలి. చదివాక ఒక్క విషయం దగ్గర ఆగి ఆలోచించాలి కూడా.

ఆ లోకంలో మనుషుల్ని పుట్టుకను బట్టి రంగులుగా విడదీశారు. పైన బంగారు రంగువాళ్లు, అట్టడుగున ఎర్రరంగువాళ్లు. ఎర్రవాడైన డారోకు పదహారేళ్లు. నేల కింద గనిలో హీలియం-3 తవ్వుతాడు. అతని భార్య ఈయో పట్టు పని చేస్తుంది. మీ కష్టం వల్లే రేపు ఈ గ్రహం మనుషులు బతికే చోటవుతుందని వాళ్లను నమ్మించారు. పైన ఎప్పుడో నగరాలు వెలిశాయన్న నిజం మాత్రం దాచారు. ఎక్కువ తవ్విన తెగకు అదనపు తిండి ఇస్తామంటారు. అది ప్రతిసారీ ఒకే తెగకు వెళ్తుంది. ఆకలితో ఉన్నవాళ్లు ఒకరి మీద ఒకరు పళ్లు నూరుకుంటారే గాని, పైకి తలెత్తి చూడరు. నిచ్చెనమెట్ల కులవ్యవస్థలో బతికే మనకు దీన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

తెలంగాణ నుంచి మనవాళ్లు, ముఖ్యంగా పద్మశాలీలు, నేతపని వెతుక్కుంటూ తరతరాల క్రితమే షోలాపూర్ చేరారు. అక్కడి చద్దర్లు, టవళ్లు దేశమంతటికీ తెలుసు. నేసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. పవర్‌లూమ్‌ల హోరులో మగవాళ్లు నిలబడతారు. ఇళ్లలో ఆడవాళ్లు తునికాకులో పొగాకు చుట్టి బీడీలు చేస్తారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి.

నవల విషయంలో నా మనసు రెండు పక్కలకు లాగేది ఇక్కడే. ఈయోను ఉరితీశాక తిరుగుబాటుదారులు డారోను చేరదీస్తారు. అతని ఎముకలు, కళ్లు మార్చి బంగారువాడిగా తయారుచేస్తారు. చేతుల మీది ఎర్ర గుర్తులు తీసేసి బంగారు గుర్తులు పెడతారు. అతను పైవాళ్ల శిక్షణాలయంలో చేరి వాళ్లనే ఓడిస్తుంటే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. కానీ అణగారినవాడు గెలవాలంటే ముందు అణిచినవాడి ఒళ్లు తొడుక్కోవాలా? గనిలో మిగిలినవాళ్ల మాటేమిటి? రచయితకు ఇది తెలియదనను. తానెవరో మరచిపోతానేమోనన్న భయం డారోకూ ఉంది. అయినా పాఠకుడి కళ్లు హీరో మీదే ఉండిపోతాయి.

మన సంఘాల్లో చెప్పుకునే సాక్ష్యాలూ చాలాసార్లు ఇలాగే ఉంటాయి. మగ్గం ఇంట్లో పుట్టిన పిల్లవాడికి పుణెలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే దేవుడు లేవనెత్తాడని స్తుతిస్తాం. స్తుతించాల్సిందే. మరి మగ్గం దగ్గరే ఉండిపోయిన అతని అన్నను దేవుడు మరచిపోయాడా? వాడ పేరు చెప్పుకోవడానికి తమ్ముడు సిగ్గుపడేలా పెంచుతున్నది మనమే కదా?

యోహాను సువార్త 20వ అధ్యాయం చూడండి. తిరిగి లేచిన ప్రభువు చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. మరణాన్ని జయించిన దేహానికి ఆ మచ్చలు చెరిపేయడం కష్టమా? ఆయన వాటిని ఉంచుకున్నాడు, తోమాకు చూపించాడు. డారో పైకి వెళ్లడానికి దొర రూపం తొడుక్కున్నాడు. మన ప్రభువు కిందికి రావడానికి దాసుని రూపం ధరించాడు.

షోలాపూర్‌లోనే ఇంకో రకం కథ ఉంది. మాజీ ఎమ్మెల్యే, కమ్యూనిస్టు నాయకుడు నర్సయ్య ఆడమ్‌తో కలిసి కార్మికులు ఏళ్ల తరబడి ఇళ్ల కోసం పోరాడారు. 2006లో బీడీ కార్మిక మహిళలకు పది వేల ఇళ్లు వచ్చాయి. 2024 జనవరి 19న కుంభారి దగ్గర రాయ్‌నగర్‌లో పదిహేను వేల ఇళ్లు అందాయి. వాటిని పొందినవాళ్లలో నేత కార్మికులు, బీడీ కార్మికులు, చెత్త ఏరుకునేవాళ్లు ఉన్నారు. తాళంచెవి అందుకున్న ఆ చేతులకు పొగాకు వాసన పోలేదు. పోనక్కర్లేకపోయింది.

యువతీ యువకులారా, నవల చదవండి, యూత్ మీటింగ్‌లో చర్చించండి. ఆ వారమే మీ సంఘంలో బీడీలు చుట్టే ఒక అక్క దగ్గర కూర్చుని, ఆమె కూలి లెక్క ఎలా కడతారో అడిగి తెలుసుకోండి.