పది గోలీలు

మోటారు పోయింది దొర బావి కాడ. పోలీసులు వచ్చింది మా మాదిగవాడకు. అది 2010. నాకప్పుడు పదిహేనేళ్లు. దొంగను చూసినోళ్లు లేరు. దొరికినోణ్ణి నేను.

అబ్జర్వేషన్ హోమ్‌లో గది నిండా మాల, మాదిగ, లంబాడ, ముస్లిం పిల్లలే. రెండో వారంలో ఫిట్స్ వచ్చి పడిపోయాను. వాడలో అయితే గాలి సోకిందనేవాళ్లు. అది జబ్బని, రోజూ గోలీ వేసుకుంటే అదుపులో ఉంటదని మొదట చెప్పింది అక్కడికొచ్చిన సర్కారు డాక్టరే. సిగ్గయినా నిజం చెప్తున్నా. పుట్టినకాడి నుంచి నాకు రోజూ మందు అందింది ఆ తాళం వెనకే. మూడు నెలలు మళ్లీ పడలేదు.

విడిచిననాడు పది గోలీలు, ఒక చీటీ చేతిలో పెట్టారు. చీటీ మీద హోమ్ ముద్ర. "ఎవలన్న చూస్తే దొంగ అంటరు బిడ్డా" అని మా అవ్వ దాన్ని పొయ్యిలో వేసింది. అవ్వను తప్పుపట్టలేను.

ఫిట్స్ గోలీ ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబడుతుంది. గోలీలు అయిపోయిన కొన్నాళ్లకే ఆ పొయ్యి ముందు పడ్డాను. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. ఆరోగ్యశ్రీ అంటే తెల్లకార్డు తెమ్మన్నారు. 2007లో ఆ పథకం మొదలైంది ఆ కార్డు మీదే. కార్డుంది, అందులో నా పేరు లేదు. నేను లోపలున్నప్పుడు "పిలగాడు ఊళ్లో లేడు" అని కొట్టేశారట. పట్టుకపోయిందీ సర్కారే, లేడని రాసిందీ సర్కారే. అవ్వ కమ్మలు అమ్మింది. నా వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు.

చట్టాలు మారినయి కదా అంటారు మీరు. చదివాను. 2015 బాలల న్యాయ చట్టం 53వ సెక్షన్ హోమ్‌లో ఉన్నవాడికి తిండి, బట్ట, వైద్యం అందాలంటుంది. 46వ సెక్షన్ పద్దెనిమిదేళ్లు నిండి బయటికొచ్చేవాడికి డబ్బుసాయం 'చేయవచ్చు' అంటుంది. పదిహేనేళ్లకే ఇల్లు చేరేవాడి ఊసు అందులో లేదు. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు అంటుంది. అదీ ఆసుపత్రిలో చేరితేనే, రోజూ మింగే గోలీకి కాదు.

పాత కేసు మచ్చ పిల్లల్ని వెంటాడొద్దని 24వ సెక్షన్ చెబుతుంది. మరి మందుచీటీ మీద హోమ్ ముద్ర ఎందుకు? గేటు తీసేనాడే పిల్లవాడి పేరున ఆరోగ్యకార్డు ఇవ్వండి. ముద్ర లేని చీటీ ఇవ్వండి. వాళ్ల ఊరి దగ్గరి సర్కారు దవాఖానలో మందు దొరికేదాకా సరిపడా గోలీలివ్వండి. తాళం వేసినన్నాళ్లు సర్కారు బిడ్డను, తీసినంక మాదిగోడి బిడ్డనా?