సీజన్ టికెట్టు మీద చేసింది యాత్ర కాదా?

ఆ మధ్య ఒక సెమినార్‌లో యాత్రా సాహిత్యం మీద పేపర్ చదివాను. చర్చలో ఒక పెద్దాయన లేచి, "ఆడవాళ్లు యాత్రలు పెద్దగా రాయలేదమ్మా. తిరిగితే కదా రాయడానికి!" అన్నారు. హాలంతా నవ్వింది. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని కదా, వెంటనే పేర్లు అందుకున్నాను. 1876లోనే తన ఇంగ్లండు ప్రయాణాన్ని పుస్తకంగా తెచ్చిన పోతం జానకమ్మ, 'కాశ్మీర దీపకళిక' రాసిన నాయని కృష్ణకుమారి... ఆయన తలూపి కూర్చున్నారు. గెలిచాననుకున్నాను.

అనకాపల్లిలో బండి దిగి పరవాడ ఆటో ఎక్కాక అర్థమైంది, గెలవలేదని. ఆయన లెక్కలోనే ఆయనకు జవాబిచ్చాను. చూడ్డానికి వెళ్తేనే యాత్ర, అవసరానికి వెళ్తే కాదు అన్న నిర్వచనాన్ని నేనూ నోరు మూసుకుని ఒప్పుకున్నాను. ఆ నిర్వచనం ప్రకారం మా అమ్మ ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎక్కడికీ ప్రయాణం చెయ్యలేదు!

అమ్మ టీచరు. పద్దెనిమిదేళ్లు పాయకరావుపేటలో పనిచేసింది. తెల్లారకుండా వంట చేసి, క్యారేజీలు కట్టి, పరవాడ నుంచి అనకాపల్లి వచ్చి ప్యాసింజర్ ఎక్కేది. తునిలో దిగి తాండవ వంతెన దాటితే బడి. కాపురం అటు మార్చుదామన్న మాట మా ఇంట్లో ఏ ఒక్కరూ అనలేదు. మొన్న కూర్చుని లెక్కేశాను. పోను అరవై, రాను అరవై కిలోమీటర్లు, ఏడాదికి 220 పనిదినాలు, పద్దెనిమిదేళ్లు. నాలుగు లక్షల డెబ్బై అయిదు వేల కిలోమీటర్లు! భూమి చుట్టుకొలత నలభై వేలు. అంటే మా అమ్మ రెండో తరగతి పెట్టెలో దాదాపు పన్నెండుసార్లు భూమిని చుట్టొచ్చింది. కశింకోట, యలమంచిలి, రేగుపాలెం, నర్సీపట్నం రోడ్, గుల్లిపాడు... ఏ స్టేషన్లో ఏ తట్ట ఎక్కుతుందో, ఏ అమ్మాయి చదువు ఎందుకు ఆగిపోయిందో, ఎవరి మొగుడు ఎప్పుడు కొట్టాడో ఆమెకు తెలుసు. ఆ పెట్టెలోనే పరీక్ష పేపర్లు దిద్దింది, చిక్కుడుకాయలు ఈనెలు తీసింది, చీటీలు కట్టింది, ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోయారు. నా సిద్ధాంత గ్రంథంలో దీని గురించి ఒక్క వాక్యం లేదు. యాత్రా సాహిత్యం అన్న మాట కింద ఇది పడుతుందని నాకే తోచలేదు.

రైల్లో దేశం చూడటం గురించి మనవాళ్లు రాసేవి చదవండి. కిటికీ పక్క సీటు, మట్టి ముంతలో టీ, లోయలు, సొరంగాలు. 'ఏ ప్రణాళికా లేకుండా బయల్దేరాను' అని గర్వంగా మొదలుపెడతారు. ఏ ప్రణాళికా లేకుండా బయల్దేరడానికి ఇంట్లో అన్ని ప్రణాళికలూ వేసే మనిషి ఒకరుండాలి కదా! ఆమె పేరు ఆ పుస్తకంలో ఎక్కడుంటుంది? మహా అయితే అంకితం పేజీలో.

ఇది సాహిత్యంతో ఆగిపోయే సంగతైతే ఇంత రాయను. ఎవరు ప్రయాణికులు అన్న దాన్ని బట్టే ఎవరికి ఏ బండి అన్నదీ తేలుతుంది. మా పరవాడలోకి రైలు రాదని కాదు. సింహాద్రి థర్మల్ కేంద్రానికి ఒడిశా నుంచి బొగ్గు మోసే రైళ్లు వస్తాయి. మనుషుల్ని మోసే రైలే రాదు. మండలంలోని తాడి స్టేషన్లో ఆగే బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందరూ మెచ్చుకునే కొత్తవలస-కిరండూల్ లైను మాత్రం? 1960లలో బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి వేసింది. అక్కడ 2017లో అద్దాల పెట్టె వచ్చింది. కొండల్ని చూడటానికి చుట్టూ తిరిగే కుర్చీలు, పైన గాజు కప్పు. బాగుంది, రానివ్వండి. కానీ 2020లో కరోనాకి ఆపేసిన ప్యాసింజర్లు తిరిగొచ్చేటప్పుడు ఏమై వచ్చాయి? స్పెషళ్లనీ ఎక్స్‌ప్రెస్‌లనీ పేర్లు తగిలించుకుని, పది రూపాయల కనీస చార్జీ ముప్ఫై చేసుకుని వచ్చాయి. మళ్లీ పదికి దిగడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. కూరగాయల తట్టతో వెళ్లే మనిషికి రోజుకు నలభై రూపాయలు అదనం అంటే ఏమిటో ఆ నిర్ణయం చేసినవాళ్లు ఊహించగలరా? 58 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు టికెట్టులో ఉన్న సగం రాయితీని తీసేసిందీ 2020 మార్చిలోనే. ఇక 2023 అక్టోబర్ 29 రాత్రి కంటకాపల్లి-అలమండ మధ్య ఒక దాన్నొకటి ఢీకొన్న పలాస, రాయగడ బండ్లు రెండూ ప్యాసింజర్లే. పదిమందికి పైగా చనిపోయారు. ఆ బండ్ల గురించి మన దగ్గర యాత్రా వ్యాసాలు లేవు, వార్తలే ఉన్నాయి.

"అయితే రోజూ చేసే చాకిరీని యాత్ర అని పొగడమంటావా?" అని ఒక స్నేహితురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. రెండు ఉద్యోగాల బరువును అందంగా చూపించడం నాకూ ఇష్టం లేదు. కానీ ఇంకో వైపూ చూడండి. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చిందో లేదో, "పనీపాటా లేక తిరుగుతున్నారు" అన్న మాట మొదలైంది. పని మీద వెళ్తే అది ప్రయాణం కాదు. పని లేకుండా వెళ్తే అది తిరుగుడు. మరి ఆడది ఎప్పుడు ప్రయాణికురాలవుతుంది? మగవాడి విషయంలో లోకానుభవం అయ్యేది మన విషయంలో బరితెగింపు ఎలా అవుతుంది?

రిటైరయ్యాక అమ్మను అరకు తీసుకెళ్లాను, ఆ అద్దాల పెట్టెలోనే. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడుతున్నారు. అమ్మా మురిసిపోయింది, పిల్లలతో కలిసి సొరంగాలు లెక్కపెట్టింది. దారిలో ఒక చిన్న స్టేషన్లో బండి ఆగింది. ప్లాట్‌ఫారం నేలమట్టంగా ఉంది. ఒక ఆదివాసీ స్త్రీ నెత్తిన సీతాఫలాల తట్టతో వెనక పెట్టెల వైపు పరుగెడుతోంది. మా పెట్టెలో వాళ్లు ఫోన్లు తీసి ఆమెను ఫొటో తీశారు. అమ్మ మాత్రం కిటికీకి ముఖం ఆనించి, "ఆ తట్టతోటి అంత ఎత్తు ఎలా ఎక్కుతాదే?" అంది. ఆమె ఎక్కిందాకా కళ్లు తిప్పలేదు.

ఆ పెట్టెలో అందరం ఒకే దృశ్యాన్ని చూశాం. అందులో మెట్టు ఎంత ఎత్తుందో చూసింది మా అమ్మ ఒక్కతే. పద్దెనిమిదేళ్ల ప్రయాణం నేర్పిన చూపు అది. దానికి సాహిత్యంలో చోటు లేదంటే లోపం ఆ చూపుది కాదు, మన సాహిత్యానిది.

1992లో ముంబైలో చర్చ్‌గేట్-బోరివలి మధ్య పూర్తిగా ఆడవాళ్లకే లోకల్ బండి వచ్చింది. ప్రతి ప్రయాణికుల రైల్లో ఆడవాళ్లకు విడిగా చోటుండాలని 1989 నాటి రైల్వే చట్టం 58వ సెక్షన్ చెబుతోంది. ఎవరో దయతలిచి ఇచ్చిన చోట్లు కావివి, రోజూ బండెక్కే ఆడవాళ్లు కళ్లకు కనబడక తప్పని స్థితి వచ్చాక దక్కినవి. కనబడేలా చెయ్యడంలో రాసేవాళ్లకూ వంతు ఉంది.

అందుకే మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేస్తున్న అమ్మాయిలకూ, రాస్తున్న స్నేహితురాళ్లకూ ఒక మాట. కాశీయాత్రల మీద ఇంకో పేపర్ తర్వాత రాద్దాం. ముందు మీ ఇంట్లో సీజన్ టికెట్టు మీద తిరిగినవాళ్లు ఎవరున్నారో అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. వాళ్లు అరకు వెళ్తానంటే, ఎందుకని అడక్కుండా టికెట్టు తీయండి. ఆ పెద్దాయన మళ్లీ కనబడితే ఈసారి నేను పుస్తకాల పేర్లు చెప్పను. మీ ఊరి ప్యాసింజర్ ఎన్నింటికి బయల్దేరుతుందండీ అని అడుగుతాను.